ఫౌజీ గురించి రాయకుండా వదిలేసిన ముక్క

మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీలో కత్తియుద్ధాల సినిమా తీస్తున్నారని తెలిసినప్పుడు, హీరో ఎవరో కనుక్కోవాలని నాకు అనిపించలేదు. వీళ్లు చెరుకు ఎక్కడి నుంచి తెస్తారా అని అనుమానం వచ్చింది. ఫ్యాక్టరీ సైరన్ ఆగిపోయాక బోధన్ చుట్టూ రైతులు వరిలోకి మళ్లారు. చెరుకు బండ్లు బారులు తీరిన యార్డులో ముళ్లచెట్లు మొలిచాయి. సినిమా వాళ్లకు మాత్రం చివరి పోరాటంలో చెరుకు కావాలట. చివరికి ఇరవై గడలు ఎక్కడో సరిహద్దు అవతలి నుంచి ఆటోలో వచ్చాయి. వాటికి కాపలాగా ఒక మనిషిని పెట్టారు. లేకపోతే జూనియర్ ఆర్టిస్టులు నమిలేస్తున్నారు.

నేనప్పుడు ఒక దినపత్రికకు బోధన్ విలేకరిని. రిటైర్ కావడానికి ఇంకా ఐదేళ్లుంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను కలిసినప్పుడల్లా పెద్ద పెద్ద వార్తల గురించి అడుగుతారు. వరదలు, ఎన్నికలు, పసుపు రైతుల ధర్నాలు. అవన్నీ అందరూ రాశారు, నేనూ రాశాను. నాకు మాత్రం ఆ ఇరవై గడల సంగతే ఎక్కువ గుర్తుకొస్తుంది. ఎందుకంటే అందులో నేను ఒక్క అబద్ధం కూడా రాయకుండానే ఒక మనిషిని అబద్ధాలకోరును చేశాను.

సినిమా కథ ఇది. యుద్ధంలో చూపు పోయిన సైనికుడు ఊరికి తిరిగొస్తాడు. ఊరి ఫ్యాక్టరీని ఒక ముఠా ఆక్రమించి ఉంటుంది. చిన్నప్పుడు నేర్చుకున్న కత్తి మళ్లీ పడతాడు. డైరెక్టర్ హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్రాడు, మర్యాదస్తుడు. తుప్పు పట్టిన బాయిలర్ పక్కన కుర్చీ వేయించి నాకు కథ చెప్పాడు.

"ఆకు రాలినా మా హీరోకు వినపడుతుంది సార్. చుట్టూ పన్నెండు మంది. కళ్లు లేవు. ఒక్కొక్కడి ఊపిరి విని నరుకుతాడు."

"పన్నెండు మందీ ఒకేసారి మీద పడితేనో?" అన్నాను.

"పడరు సార్. ఒక్కొక్కరే వస్తారు. అది ఫైట్ మాస్టర్ చూసుకుంటారు." తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పాడు. "ఇక్కడే కోటగిరి దగ్గర ఒక పల్లెలో నిజంగా అలాంటి మనిషి ఉన్నాడు సార్. మాజీ సైనికుడు, అంధుడు, కత్తి తిప్పుతాడు. మా హీరోకు ఆయనే నేర్పిస్తున్నాడు. పోస్టర్ మీద కూడా ఆ మాట వేస్తున్నాం."

నాకు మొహం మీద చల్లనీళ్లు కొట్టినట్లయింది. నా ఏరియాలో, నా ముక్కు కింద ఇలాంటి మనిషి ఉంటే హైదరాబాద్ నుంచి వచ్చినవాడు నాకు చెబుతున్నాడు. మరునాడు పొద్దున్నే నిజామాబాద్ నుంచి మా ఫోటోగ్రాఫర్‌ను పిలిపించుకుని ఆ ఊరికి బయల్దేరాను. మేమిద్దరం పదిహేనేళ్లు కలిసి తిరిగినవాళ్లం. బండి వెనక కూర్చుని దారి పొడవునా మాట్లాడటం అతని అలవాటు.

"గుడ్డోడు కత్తి దిప్పుడేంది భాయ్, నేను ఒక కన్ను మూసుకుంటెనే ఫ్రేమ్ కుదురుతలేదు" అన్నాడు.

ఊళ్లో అందరూ ఆయన్ని ఫౌజీ అంటారు. నలభై ఐదేళ్లుంటాయి. సన్నగా, నిటారుగా ఉన్నాడు. కుర్రతనంలో బోధన్‌లోని ఒక తాలీంలో, అంటే కుస్తీ, కర్ర, కత్తి నేర్పే అఖాడాలో, ఒక ముసలి ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నాడు. తర్వాత సైన్యంలో చేరాడు. సరిహద్దులో ఒక పేలుడులో చూపు పోయింది. ఆశ్చర్యమేమిటంటే కళ్లకు గాయం లేదు. చక్కగా, నల్లగా, తేటగా ఉన్నాయి. దెబ్బ తిన్నది వెనక ఉన్న నరాలట.

"దుకాణం తెరిచే ఉన్నదన్నా" అన్నాడు తనే నవ్వుతూ. "లోపల కరెంటే లేదు."

ఆయన భార్య ముందు వాకిలి ఊడ్చింది. చిన్న రాయి కూడా లేకుండా రెండుసార్లు ఊడ్చింది. పెరటి మూలన ఉన్న నాలుగు చెరుకు మొక్కల్లోంచి ఒక గడ నరికి, మట్టి నింపిన డబ్బాలో నిలబెట్టి వాకిలి మధ్యన పెట్టింది. ఫౌజీ చెప్పులు విడిచాడు. నడిచి వెళ్లి గడను పై నుంచి కింది దాకా వేళ్లతో తడిమాడు. వెనక్కి తిరక్కుండా మూడడుగులు వెనక్కి నడిచాడు. ఒక క్షణం ఆగి, ముందుకు అడుగేశాడు. కత్తి లేచిన సంగతి నాకు తెలియలేదు. గడ పైముక్క నేల మీద ఉంది. కోసినచోట తెల్లగా, తడిగా ఉంది.

ఎలా సాధ్యమని అడిగాను.

"ఏం లేదన్నా. ముట్టుకున్న, యాడుందో ఎరుకైంది. నా అడుగు ఎంతో నాకు ఎరుకే. కత్తి ఎంత పొడుగో ఎరుకే. లెక్కనే."

"ఆకు రాలినా వినపడుతుందని సినిమావాళ్లు అంటున్నారు."

"గాలొస్తె మా ఆమె పిలిచినా ఇనవడదు" అన్నాడు.

"గాలి లేకున్న ఇనడు" అంది ఆమె గడప మీద నుంచి.

కుతూహలం నన్ను ఊరుకోనివ్వలేదు. ఆ సాయంత్రం మా ఇంట్లో కండువాతో కళ్లు కట్టుకుని, కర్ర పట్టుకుని, పెరట్లో జామకొమ్మను ముట్టుకుని, మూడడుగులు వెనక్కి వేసి కొట్టాను. కొమ్మ బదులు బట్టలారేసిన తీగ తెగింది. మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. ఆ తీగ తెగాకే ఫౌజీ విద్య ఏమిటో నాకు సరిగ్గా అర్థమైంది. మూడడుగులు వెనక్కి వేయగానే నేను ఎటు తిరిగి ఉన్నానో నాకే తెలియలేదు. ఆయనకు తెలుస్తుంది. ఇరవై ఏళ్లుగా రోజూ వాకిట్లో అభ్యాసం చేస్తే వచ్చిన తెలివి అది.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వస్తున్నాను.

రాయడానికి కూర్చున్నాను. "వాకిట్లో చెరుకు గడ. మూడడుగుల దూరంలో చూపు లేని సైనికుడు. కత్తి లేచింది, గడ తెగింది." ఇంట్రో అలా పడింది. బాగుందనిపించింది. దాని తర్వాత "ముందుగా గడను చేత్తో తడిమి చూసుకున్నాడు" అని ఒక వాక్యం రాసి, చదువుకుని, కొట్టేశాను. ఆ వాక్యం ఉంటే పాఠకుడి ఆశ్చర్యం సగానికి పడిపోతుంది. అది లేకపోయినా మిగతా ప్రతి మాటా నిజమే కదా. ఇలా మనకు మనమే చెప్పుకుంటాం.

రెండోది ఫోటో. మా ఫోటోగ్రాఫర్‌కు, నిజానికి పత్రికా ఫోటోగ్రాఫర్లందరికీ, మనిషి కెమెరా వైపు చూడకపోతే మనసొప్పదు. స్టూలెక్కి, లెన్స్ పక్కన టకటకా చిటికెలు వేశాడు. ఫౌజీ ఆ చప్పుడు వైపు మొహం తిప్పాడు. కచ్చితంగా చిటికె మీదికి. క్లిక్. పైకెత్తిన కత్తి, తెగిన గడ, సూటిగా మీ కళ్లలోకి చూస్తున్న రెండు తేట కళ్లు. జిల్లా పేజీలో పైన నాలుగు కాలమ్‌లు. అలాంటి ఫోటో పడితే మేము ఆ రోజు చాయ్‌కు ఇరానీ హోటల్‌కు వెళ్లేవాళ్లం. వెళ్లాం కూడా.

రెండు రోజులకు డైరెక్టర్ ఫోన్ చేశాడు. గొంతులో మర్యాద ఉంది గానీ వెచ్చదనం లేదు.

"సార్, మీ పేపర్ ముక్క వాట్సాప్‌లో తిరుగుతోంది. ఫోటోలో ఆయన కళ్ల చుట్టూ ఎర్ర గీత గీసి పంపుతున్నారు. 'ఈ గుడ్డోడు మిమ్మల్ని చూస్తున్నాడు' అని కింద రాశారు. మా ప్రొడ్యూసర్‌కు కూడా చేరింది. మీరు రాసిన మనిషే కదా, మీరే చెప్పండి. ఆయనకు కనిపిస్తుందా, కనిపించదా?"

"కనిపించదు."

"మీకెలా తెలుసు సార్?"

ముప్పై ఏళ్లకు దగ్గరపడ్డ ఉద్యోగంలో ఆ ప్రశ్న నేను వందలమందిని అడిగి ఉంటాను. నన్ను ఎవరైనా అడగడం అదే మొదటిసారి. ఆయన చెప్పాడు, నేను నమ్మాను. కాగితం ఒక్కటి కూడా చూడలేదు.

అప్పటికప్పుడు ఆ ఊరికి వెళ్లాను. బస్టాండు దగ్గర చాయ్ దుకాణంలోనే విషయం తెలిసిపోయింది. పాత వార్డు మెంబర్ ఒకాయన మా పత్రిక బల్ల మీద పరుచుకుని కూర్చున్నాడు. ఆ ఎర్ర గీత గీసింది ఆయనేనని నాకు తర్వాత తెలిసింది.

"రా రా పేపరన్నా" అన్నాడు. "మంచిగ రాసినవ్. ఇరవయ్యేండ్ల సంది మేం గిదే అనుకుంటున్నం, నువ్వు ఫోటో ఏసి సూపెట్టినవ్. ముట్టకుంట, తడమకుంట గడ నరికిండంటివి. గది కండ్లున్నోనికే కష్టం."

"ముట్టుకున్నాడు" అన్నాను.

"గట్ల రాయలేదు గద నువ్వు."

నేను బండి ఫౌజీ ఇంటి వైపు తిప్పాను.

ఫౌజీ ఇంట్లో ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. భార్య ట్రంకుపెట్టె తెరిచి కాగితాలు నా ముందు పెట్టింది. సైనిక ఆసుపత్రివి, మెడికల్ బోర్డువి, అన్నీ ఉన్నాయి. ఏ అనుమానానికీ తావులేదు.

"గివి ఎందరికని సూపియ్యాలన్నా?" అంది ఆమె. "గిన్నేండ్లు ఎవ్వలు అడగలే. నిన్న బోరింగు కాడ ఒకామె నా ముంగటనే అన్నది, మీ ఆయనకు నా చీర రంగేందో అడుగు అని."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఫౌజీ మాత్రం వేరే దాని గురించి అడిగాడు.

"సిన్మ వాళ్లు నన్ను తీసేస్తున్నరా అన్నా?"

అప్పుడు అర్థమైంది ఆ సినిమా పని ఆయనకు ఏమిటో. ఫౌజ్ నుంచి వచ్చాక ఆయన చేతికి ఎవరూ పని ఇవ్వలేదు. కూర్చో, నీకెందుకు, మేం చేస్తాం అనేవాళ్లే అందరూ. హీరో అనే ఆ కుర్రాడొక్కడే నెల రోజులుగా పొద్దున్నే వచ్చి "ఉస్తాద్" అని పాదాలు ముట్టుకుని నిలబడుతున్నాడు. ఇప్పుడు పని పోతే, ఊరు దాన్ని ఒప్పుకోలు కింద జమకట్టేస్తుంది. ఆయన దొంగ గుడ్డివాడిగా మిగిలిపోతాడు, జీవితాంతం.

డెస్క్‌కు ఫోన్ చేసి సవరణ వేయమన్నాను. అవతల సబ్ ఎడిటర్ పాత మిత్రుడే.

"దేనికి సవరణ?" అన్నాడు. "పేరు తప్పా? ఊరు తప్పా?"

"తప్పేం లేదు. ఒక ముక్క రాయలేదు."

"రాయని ముక్కకు సవరణ ఎక్కడైనా వేస్తారా?" అని నవ్వి పెట్టేశాడు. అతను చెప్పింది నిజమే. మా పత్రికలో తప్పు రాసిన వాక్యానికే సవరణ ఉండేది.

డైరెక్టర్ ఒక మార్గం చెప్పాడు. ఆదివారం ఫ్యాక్టరీ యార్డులో అందరి ముందూ ఫౌజీ గడలు నరకాలి. ఊరివాళ్లు రావచ్చు. అది చూశాక ప్రొడ్యూసర్ నిర్ణయం తీసుకుంటాడు. నాకు సంతోషమనిపించింది. మా ఫోటోగ్రాఫర్‌కు చెబితే అతను తల గోక్కున్నాడు.

"సోచాయించు భాయ్. నరికితె, సూస్తుండు గనుకనే నరికిండంటరు. నరకకుంటె, రానోన్ని ఉస్తాద్ అని పెట్టుకున్నమని సిన్మ వాళ్లు ఇంటికి తోలుతరు. ఎటు దిరిగినా ఆయనకే దెబ్బ."

ఆ మాట విన్నాక నాకు శాంతి లేకుండా పోయింది. శనివారం మళ్లీ వెళ్లాను. నాకు తోచిన సలహా చెప్పాను. రేపు ఒకటి రెండు వేట్లు కావాలని తప్పమన్నాను. అప్పుడు ఊరు నమ్ముతుంది, మిగతావి నరికితే సినిమావాళ్లూ ఉంచుకుంటారు.



"ఒకటి నువ్వు ఎక్కువ జేసి రాసినవ్" అన్నాడు ఆయన. "ఇంకోటి నన్ను ఎక్కువ జేసి ఆడుమంటున్నవ్. కావాలని తప్పుడు ఉస్తాద్ నాకు నేర్పలే అన్నా."

"మరి రేపు?"

"నువ్వైతె రా. సప్పుడు జెయ్యకు."

ఆదివారం మధ్యాహ్నం యార్డులో మూడు వందల మంది దాకా చేరారు. లైట్ల వాళ్లు, జూనియర్ ఆర్టిస్టులు, ఊరి జనం. కూలిన కాంటా గది కప్పు మీదికి కూడా ఎక్కారు. ఎండ కన్నా గాలి ఎక్కువగా ఉంది. షెడ్డు రేకులు దడదడలాడుతున్నాయి. భార్య చేయి పట్టుకుని ఫౌజీ వచ్చాడు. తెల్ల చొక్కా, కాకీ ప్యాంటు, బోసి కాళ్లు. వచ్చీ రాగానే పాత వార్డు మెంబర్ ఉన్నాడా అని అడిగాడు.

"ఉన్న, ఎందుకు?" అన్నాడు ఆయన జనంలోంచి.

"ఏడు గడలు నువ్వే పాతు కాకా. నీకు యాడ మనసయితె గాడ. నాకు జెప్పకు."

జనం హో అన్నారు. డైరెక్టర్ మొహం పాలిపోయింది. తన మనుషులతో గడలు పాతించి, ముందుగా ఆయన చేత తడిమించి, ఆ తర్వాతే కత్తి ఇవ్వాలని అతని ఆలోచన. వార్డు మెంబర్ బాగా తీరిగ్గా పాతాడు. ఒకటి ఇటు, ఒకటి అటు, రెండు దగ్గర దగ్గరగా, ఒకటి షెడ్డు నీడలో, మిగతా రెండు ఎడంగా. సినిమావాళ్లు దాచుకున్న ఆ ఇరవై గడల్లోవే. నల్లమట్టి ముందురోజు తడిపి ఉండటంతో సులువుగా దిగాయి.

ఫౌజీ కత్తి తీసుకుని ముందుకు నడిచాడు. పది అడుగులు వేసి ఆగాడు. తల కొంచెం వంచాడు. రేకుల చప్పుడులో ఏం వినపడుతుంది? కత్తి లేచింది, దిగింది. అక్కడ ఏమీ లేదు. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. రెండడుగులు పక్కకు వేసి మళ్లీ కొట్టాడు. ఖాళీ గాలి. ఒక కుర్రాడు ఈల వేశాడు. మూడోసారి ఊపు ఎక్కువై ముందుకు తూలి, మోకాలు నేలకు తగలబోయి నిలదొక్కుకున్నాడు. ఇప్పుడు బాహాటంగానే నవ్వారు. హీరో కుర్రాడు మొహం పక్కకు తిప్పుకున్నాడు. నాలుగోసారి ఒక గడకు దగ్గరగా పోయింది కత్తి, దాని ఆకులు ఊగాయి.

నేను కళ్లు దించుకున్నాను. ఆయన కావాలని తప్పుతున్నాడేమో, నా సలహా విన్నాడేమో అని ఒక్క క్షణం ఆశపడ్డాను కూడా. ఆ మెడ మీద నరాలు చూస్తే అలా అనిపించలేదు. ఆ మనిషి తనకున్న శక్తినంతా పెట్టి కొట్టి, తప్పుతున్నాడు.

"సూసిన్రా?" అని గట్టిగా అడిగాడు ఫౌజీ, ఎవరూ లేని వైపు తిరిగి. "గిది నాకు కండ్లు లేవన్న సంగతి. ఇగ నా పని సంగతి సూడుండ్రి."

కత్తి భార్యకు ఇచ్చాడు. మోకాళ్ల మీద కూర్చున్నాడు. రెండు చేతులూ మట్టి మీద పెట్టి పాకడం మొదలుపెట్టాడు. అరచేతులతో నేలను ఊడ్చుకుంటూ వెళ్లి మొదటి గడ మొదలు పట్టుకున్నాడు. పైకి తడిమాడు. లేచి దానికి వీపు ఆనించి నిలబడి, అక్కడి నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ రెండోదాని కోసం వెతికాడు. దొరక్కపోతే వెనక్కి వచ్చి మళ్లీ మొదలుపెట్టాడు. షెడ్డు నీడలోది దొరకడానికి చాలా ఆలస్యమైంది. ఈలోగా కొందరు విసుగొచ్చి చాయ్‌కు వెళ్లిపోయారు. ఉన్నవాళ్లలో మాత్రం నవ్వు ఆగిపోయింది. మోచేతుల దాకా మట్టి కొట్టుకుపోయిన ఆ మనిషి నోట్లో లెక్క సన్నగా వినపడుతోంది. ఏక్, దో, తీన్. లెక్క మాత్రం ఫౌజ్ భాషలోనే.

మొత్తం దారి ఖాళీ చేతులతో రెండుసార్లు నడిచాడు. అప్పుడు కత్తి తీసుకున్నాడు.

అక్కడి నుంచి జరిగింది వర్ణించడానికి నాకు సమయం చాలదు, ఎందుకంటే అది జరగడానికే సమయం పట్టలేదు. నడక ఆగలేదు. అడుగు, వేటు, మలుపు. ఒకటి, రెండు, దగ్గర దగ్గరగా ఉన్న జంట ఒకే ఊపులో, ఐదు, షెడ్డు నీడలోది ఆరు. గడల పైముక్కలు ఒకదాని తర్వాత ఒకటి నేలకు వాలాయి. ఏడోదాని ముందు కత్తి ఎత్తి, ఎత్తిన కత్తిని అలాగే ఆపేశాడు.

"గాలి గట్టిగొచ్చింది" అన్నాడు. "గిది వంగి ఉంటది. ఇప్పుడు యాడుందో నాకు తెల్వదు."

నిజంగానే అది వంగింది. తడి మట్టిలో మొదలు వదులై పక్కకు ఒరిగిపోయింది. మాలో ఎవరం గమనించలేదు. జనంలోంచి పాత వార్డు మెంబరే అరిచాడు.

"ఎడమకు ఫౌజీ! రెండు జానలు ఎడమకు!"

"సప్పుడు జెయ్యకు కాకా, నేనడగలే" అన్నాడు ఫౌజీ.

ఈసారి అందరూ నవ్వారు. కానీ ఆ నవ్వు వేరు. ఆయన కత్తి దించి, ఎడమచేత్తో గాలిని తడుముకుంటూ గడను పట్టుకుని, నిలబెట్టి, మట్టి కాలితో తొక్కి, మూడడుగులు వెనక్కి వేసి నరికాడు.

మా ఫోటోగ్రాఫర్ ఆ రోజు చిటికె వేయలేదు. ఆయన నేల మీద పాకుతున్నప్పుడు ఒకటి తీశాడు. కళ్లు ఎటో ఉన్నాయి, నోరు కొంచెం తెరుచుకుని ఉంది, గడ్డం మీద మట్టి. కెమెరా జేబురుమాలుతో తుడుచుకుంటూ ఫౌజీ దగ్గరికి వెళ్లి, తీసిన ఫోటో ఎలా ఉందో ఉన్నదున్నట్లు చెప్పాడు.

"ఎయ్యమంటవా, వద్దా?"

"నేను మంచిగ వడ్డనా?"

"లేదన్నా. అస్సలు మంచిగ లేవు."

"అయితె ఎయ్యి" అన్నాడు ఫౌజీ.

సినిమా సంగతి కూడా చెప్పేస్తాను. ఆయన్ని తీసేయలేదు. పోస్టర్ మీద ఆ మాట అలాగే ఉంది. చివరి పోరాటంలో హీరో మొదటి వేటు తప్పాలని ఫౌజీ పట్టుబట్టాడు. ఫైట్ మాస్టర్ ససేమిరా అన్నాడు. "హీరో తప్పితే టికెట్టు వాపస్ అడుగుతారండీ" అని అతని వాదన. డైరెక్టర్ మధ్యలో నలిగి, మొదటి వేటు ఒకటి తప్పించాడు. నిజామాబాద్‌లో సినిమా ఒక వారం ఆడింది. ఆ వేటు దగ్గర హాల్లో అందరూ ఉలిక్కిపడటం నేను చూశాను. మిగతా సినిమా గురించి ఎక్కువ చెప్పకపోవడమే మంచిది. హీరోకు ఆకు రాలిన చప్పుడు కూడా వినపడింది.

నేను రెండో వార్త రాశాను. ఈసారి ఇంట్రోలోనే తప్పిన వేట్లు పెట్టాను. డెస్క్ వాళ్లు జాగా చాలకపోతే కింది నుంచి కోస్తారు కాబట్టి, కోయకూడని ముక్క అన్నిటికన్నా పైన ఉండాలి. "ముట్టుకోనిదే ఆయనకు గడ ఎక్కడుందో తెలియదు. ఆదివారం అందరి ముందూ మూడుసార్లు తప్పాడు" అని మొదలవుతుంది ఆ వార్త. మొదటిసారి ఏ ముక్క వదిలేశానో, ఆ ఫోటో ఎలా తీశామో కూడా చివర్లో రాశాను. డెస్క్ చివరి పేరా కోసేసింది. పైది మిగిలింది.

పత్రిక తీసుకుని నేనే ఫౌజీ ఇంటికి వెళ్లాను. భార్య గడప మీద కూర్చుని బిగ్గరగా చదివింది. ఆయన గోడకు ఆనుకుని విన్నాడు. చాయ్ దుకాణంలో కూడా చదివారని, వార్డు మెంబర్ పొద్దున వచ్చి వాకిట్లో నిలబడి, ఆ సంగతి ఎత్తకుండా కాసేపు వానల గురించి మాట్లాడి పోయాడని ఆమె చెప్పింది. వచ్చిన పని అయిపోయిందన్న తేలిక నా ఒంట్లోకి వచ్చింది. అప్పుడు ఫౌజీ అడిగాడు.

"ఎన్నిసార్లు తప్పిన్నని రాసినవన్నా?"

"మూడుసార్లు."

"నాలుగు తప్పిన."

"నాలుగోది తగిలింది కదా తమ్మీ. ఆకులు ఊగాయి, నేను చూశాను."

"ఆకుకు తగిలింది. గడకు తగలలే. కత్తి పట్టుకున్నది నేను."

నేను నవ్వి, అది పెద్ద తేడా కాదులే అన్నాను. ఆయన నవ్వలేదు. కోపం కూడా లేదు. నేనెప్పుడు ఒప్పుకుంటానా అని వేచి ఉన్నట్లు మొహం నా వైపు పెట్టి కూర్చున్నాడు.

ఇంటి బయటికి వచ్చి బండి మీద కూర్చునే డెస్క్‌కు ఫోన్ చేశాను. సబ్ ఎడిటర్ నాకు మతి పోయిందన్నాడు. ఎవరూ అడగని సవరణ, అందునా తప్పిన వేట్లు ఒకటి పెంచమని. "ఈసారి రాసిన వాక్యమే తప్పు" అన్నాను. అవతల నుంచి పెన్ను వెతుక్కుంటున్న చప్పుడు వచ్చింది.

మరునాడు లోపలి పేజీలో, బస్సు వేళల కింద ఒక్క వాక్యం పడింది. 'నిన్నటి వార్తలో మాజీ సైనికుడు మూడుసార్లు తప్పినట్లు వచ్చింది, నాలుగుసార్లుగా చదువుకోగలరు.' పదవీ విరమణ దాకా నా అంతట నేను అడిగి వేయించుకున్న సవరణ అదొక్కటే. అది కూడా తీసుకెళ్లి ఇచ్చాను. భార్య చదివింది. ఆయన ఇంకోసారి చదవమన్నాడు. విని తల ఊపాడు.

"గిప్పుడు సరిగున్నది" అన్నాడు. "కూసో అన్నా, చాయ్ తాగి పో."